ప్రాక్సిమా బి బొమ్మకు నీలం రంగు ఉంచాలా, చెరిపేయాలా?

నిద్రలేని నాన్న (కూకట్‌పల్లి) | శుక్రవారం, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. చాలా ఏళ్ళుగా ఇక్కడ చదివి వెళ్ళిపోయే రకం నేను. ఇవాళ రాయక తప్పలేదు.

మా అమ్మాయి ఈ ఏడు తొమ్మిదో తరగతికి వెళ్తుంది. వేసవి శిబిరం ఆఖరి రోజు ప్రదర్శన కోసం ప్రాక్సిమా బి గ్రహం బొమ్మ చేసింది. థర్మోకోల్ బంతికి ఒక సగం నలుపు, ఇంకో సగం నీలం సముద్రం, రెండూ కలిసేచోట ఆకుపచ్చ పట్టీ. పక్కన ఎర్ర జీరో బల్బు. కింద అట్ట మీద ‘మన రెండో భూమి’ అని రాసింది. వారం రోజులు ఇల్లంతా థర్మోకోల్ పొట్టే.

చూడడానికి వచ్చిన ఒక పెద్దాయన “ఆ నక్షత్రం నిప్పులు కక్కుతుందమ్మా, అక్కడ గాలీ ఉండదు, నీళ్ళూ ఉండవు. ఇంటర్నెట్‌లో చూసి ఏదో ఒకటి చేసేస్తే సైన్స్ అయిపోదు” అని అందరి ముందూ అనేసి పక్క బల్లకు వెళ్ళిపోయారు. అప్పటినుంచి బంతి మంచం కింద ఉంది. నీలం చెరిపేసి మట్టి రంగు వేసేస్తానంటోంది.

నేను నెట్‌లో వెతికాను. సగం మంది అక్కడ ప్రాణులు ఉండొచ్చు అంటారు, సగం మంది అది మాడిపోయిన రాయి అంటారు. ఆయన చెప్పింది నిజమేనా? తెలిసినవాళ్ళు కాస్త అర్థమయ్యేలా చెప్పండి.

అశోక్‌నగర్ అభ్యర్థి | శుక్రవారం, రాత్రి 11:41

గ్రూప్‌-2లో బిట్ వస్తుందేమోనని తెరిచా. ‘సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రం ఏది? ప్రాక్సిమా సెంటారీ, 4.24 కాంతి సంవత్సరాలు.’ నా జ్ఞానం అంతవరకే. అంత దగ్గరుండి కంటికి ఎందుకు కనబడదు మాస్టారూ? మీరు మేలుకునే ఉంటారని తెలుసు.

జపాల్ మాస్టారు (వనస్థలిపురం) | శనివారం, ఉదయం 5:50

మేలుకుని లేను నాయనా, ఇప్పుడే లేచాను.

కనబడకపోవడానికి కారణం అది మరీ బక్కచిక్కిన నక్షత్రం కావడం. బరువు సూర్యుడిలో ఎనిమిదో వంతు. ఇలాంటివాటిని ఎర్ర మరుగుజ్జులు అంటారు. మన పాలపుంతలో నాలుగు నక్షత్రాల్లో దాదాపు మూడు ఈ జాతివే, కానీ ఒక్కటంటే ఒక్కటి కూడా మామూలు కంటికి ఆనదు. ప్రాక్సిమాను 1915లో జోహన్నెస్‌బర్గ్‌లో రాబర్ట్ ఇన్నెస్ కనిపెట్టేదాకా మన పక్కింటివాడెవరో మనకే తెలియదు.

దాని చుట్టూ గ్రహం ఉందని 2016లో తేలింది. అక్కడ ఏడాది అంటే 11.2 రోజులు. మనం సూర్యుడికి 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటే, ఆ గ్రహం తన నక్షత్రానికి 73 లక్షల కిలోమీటర్ల దూరంలోనే ఉంది. చలిమంట చిన్నదైతే దగ్గరకు జరిగి కూర్చుంటాం కదా, అదీ సంగతి. నీళ్ళు నీళ్ళుగా ఉండేంత వెచ్చదనం ఆ దూరంలోనే దొరుకుతుంది. అమ్మాయి ఒక సగం నలుపు వేయడం కూడా తెలివైన పనే. అంత దగ్గర తిరిగే గ్రహం, మనకు చందమామలాగా, నక్షత్రానికి ఎప్పుడూ ఒకే ముఖం చూపిస్తూ ఉండే అవకాశం ఎక్కువ.

ఇబ్బందల్లా చిన్న మంటే ఎక్కువ చిటపటలాడడం. దాని గురించి రమ్య చెప్తే బాగుంటుంది. ఆ అమ్మాయి పరిశోధన అందులోనే.

రమ్య_చుక్కలు | శనివారం, ఉదయం 9:15

నమస్తే మాస్టారూ, పిలిచారు కాబట్టి వచ్చాను.

సూర్యుడి లోపల ఒక పొర దాకా శక్తి కాంతిగా ప్రయాణిస్తుంది, ఆ పైన మాత్రమే అన్నం ఉడికినట్టు కుతకుతలాడుతుంది. సూర్యుడి బరువులో దాదాపు 35 శాతం కన్నా తక్కువున్న నక్షత్రాలు కేంద్రం నుంచి పైదాకా మొత్తం కుతకుతలాడుతూనే ఉంటాయి. ఆ కదలికకు, తన చుట్టూ తాను తిరగడం కూడా తోడై బలమైన అయస్కాంత క్షేత్రం పుడుతుంది. ఆ క్షేత్రరేఖలు మెలిపడి మెలిపడి ఒకచోట తెగి మళ్ళీ అతుక్కుంటాయి. అప్పుడు విడుదలయ్యే శక్తే ఫ్లేర్, మన పుస్తకాల్లో జ్వాల. సూర్యుడికీ వస్తాయి. కానీ మరుగుజ్జుకు వచ్చేది దాని సొంత వెలుగుతో పోలిస్తే చాలా పెద్దది, గ్రహమేమో ఒళ్ళో కూర్చుని ఉంటుంది.

2016 మార్చిలో ప్రాక్సిమా కాసేపు మామూలు కన్నా 68 రెట్లు వెలిగింది. బాగా చీకటి ఉన్నచోట, మంచి చూపున్నవాళ్ళకు కంటికే కనిపించి ఉండేది. 2019 మే 1న ఇంకోటి వచ్చింది. కొన్ని సెకన్లలోనే అతినీలలోహిత కాంతి 14,000 రెట్లు పెరిగింది. మొత్తం ఏడు సెకన్ల వ్యవహారం. ఆ సమయానికి హబుల్, చిలీలోని అల్మా సహా చాలా టెలిస్కోప్‌లు అటే గురిపెట్టి ఉండబట్టి దొరికింది. లేకపోతే ఎవరికీ తెలిసేది కాదు.

ఆర్క్ అన్న (బాలానగర్) | శనివారం, మధ్యాహ్నం 1:30

నాకు చుక్కలు తెలియవు, వెల్డింగ్ తెలుసు. ఒక డౌట్.

నా షాపులో కొలిమిలో కాలిన ఇనుము ఎర్రగా ఉంటది. దాన్ని పొద్దస్తమానం చూసినా చెమట పడుతది తప్ప ఇంకేం కాదు. ఆర్క్ అట్ల కాదు. రాడ్ అంటుకున్న ఆ ఒక్క క్షణం నల్ల అద్దం లేకుండా చూస్తే చాలు. అప్పుడేం తెలవదు. రాత్రి పన్నెండు దాటినంక కండ్లలో ఇసుక పోసినట్టు మంట, నీళ్ళు కారుడు, దీపం చూడలేం. కొత్తగా వచ్చిన పిలగాండ్లు ఆలుగడ్డ ముక్కలు కండ్ల మీద పెట్టుకొని పండుకుంటరు. కింద ఇనుము అదే, మనిషి నిలబడ్డ దూరం అదే. వెలుగు రకమే వేరు.

ఈ ఎర్ర చుక్కలది కూడా ఇదే కథనా?

రమ్య_చుక్కలు | శనివారం, మధ్యాహ్నం 2:05

అన్నా, అచ్చంగా ఇదే కథ! క్లాసులో చెప్పడానికి ఇంత మంచి పోలిక నాకు ఎప్పుడూ తట్టలేదు. మీ అనుమతి లేకుండానే వాడేసుకుంటా.

ప్రాక్సిమా పైభాగం వేడి దాదాపు 3,000 కెల్విన్. ఎర్రగా కాలిన ఇనుము వరసే, అతినీలలోహిత కాంతి చాలా తక్కువ. ఫ్లేర్ వచ్చినచోట వేడి 9,000, 10,000 దాకా పోతుంది. అదే మీ ఆర్క్. అందుకే మొత్తం వెలుగు కొంచెమే పెరిగినట్టున్నా, అతినీలలోహితం మాత్రం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

మనకు నల్ల అద్దం ఓజోన్ పొర. ఫ్లేర్‌తోపాటు వేగంగా దూసుకొచ్చే ప్రోటాన్లు కూడా తగిలితే నైట్రోజన్ ఆక్సైడ్‌లు పుట్టి ఓజోన్‌ను తినేస్తాయి. 2016 నాటి పేలుడును కనిపెట్టిన బృందమే లెక్క కట్టింది. మన భూమిలాంటి వాతావరణాన్ని ప్రాక్సిమా బి మీద పెడితే, తరచూ వచ్చే ఫ్లేర్‌ల దెబ్బకు అయిదేళ్ళలో 90 శాతం ఓజోన్ పోతుందట.

అయితే ఆ పెద్దాయన అక్కడ ఆగిపోయారు. ఓజోన్ పోతే నేల మీద కష్టం, నీళ్ళ అడుగున కాదు. కొన్ని మీటర్ల లోతు నీళ్ళు చాలు, ఈ కిరణాలు ఆగిపోతాయి. మన భూమి మీద కూడా ఓజోన్ లేని కాలంలో ప్రాణులు నీళ్ళలోనే బతికాయి.

రూపాయి లెక్క | శనివారం, సాయంత్రం 6:40

ఇక్కడ ట్యాంకర్ బుక్ చేస్తే రెండు రోజులకు వస్తోంది. 4 కాంతి సంవత్సరాల అవతల నీళ్ళున్నాయో లేవో మనకెందుకండీ?

అశోక్‌నగర్ అభ్యర్థి | శనివారం, సాయంత్రం 6:52

అన్నా, 1989 మార్చిలో సూర్యుడి తుపాను కొట్టి కెనడాలోని క్యూబెక్‌లో 9 గంటలు కరెంటు పోయింది. 2024 మేలో లద్దాఖ్ హాన్లేలో ఆకాశమే ఎర్రబడింది. మనం ఆదిత్య ఎల్‌-1 పంపింది ఈ జ్వాలల్ని చూడ్డానికే. ఇది కచ్చితంగా బిట్టే. రాసి పెట్టుకోండి.

జపాల్ మాస్టారు | శనివారం, రాత్రి 8:30

ట్యాంకర్ మాకూ రాలేదు రూపాయి లెక్క గారూ. అయినా ఒక మాట చెప్పనివ్వండి.

1980 ఫిబ్రవరి 16. నాకు ఇరవై ఒకటి. సంపూర్ణ సూర్యగ్రహణం. హైదరాబాద్ వీధులు కర్ఫ్యూ పెట్టినట్టు ఖాళీ, గర్భిణులున్న ఇళ్ళలో కిటికీలకు దుప్పట్లు. నేనూ మా స్నేహితుడూ లూనా మీద ఇబ్రహీంపట్నం దాటి జపాల్‌-రంగాపూర్ వైపు వెళ్ళాం. ఉస్మానియా వాళ్ళ వేధశాల అక్కడే ఉంది, 48 అంగుళాల టెలిస్కోప్. దేశవిదేశాల వాళ్ళు సరంజామాతో దిగారు. మమ్మల్ని లోపలికి ఎవరు రానిస్తారు? రాతిగుట్ట మీద కూర్చున్నాం.

మధ్యాహ్నం చీకటి పడింది. పక్షులు గూళ్ళకు మళ్ళాయి. సూర్యుడి చుట్టూ తెల్లటి కరోనా, అంటే సూర్యుడి బయటి వాతావరణం, విప్పుకుంది, అన్ని దిక్కులా సమానంగా, బంతిపువ్వులాగా. అది ఎందుకలా గుండ్రంగా ఉందో చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆ ఏడు సూర్యుడు తన 11 ఏళ్ళ చక్రంలో మహా ఉధృతంగా ఉన్నాడు. శాంతంగా ఉన్నప్పుడైతే కరోనా నడుము దగ్గర సాగి, ధ్రువాల దగ్గర పలచబడుతుంది. నక్షత్రం ఏ మూడ్‌లో ఉందో దాని ఒళ్ళంతా చెబుతుందని నాకు అర్థమైంది అక్కడే.

ఇంకోటి. ఒక నక్షత్రం ఎంత గడబిడగా ఉందో దూరం నుంచి ఎలా కొలుస్తారనుకున్నారు? కాల్షియం గీతల్ని చూసి. వర్ణపటంలో హెచ్, కె అని రెండు నల్ల గీతలుంటాయి, వాటి నడిమధ్య సన్నటి వెలుగు. ఆ వెలుగు ఎంత బలంగా ఉంటే నక్షత్రం అంత చురుకు. ఆ వెలుగు వెడల్పును బట్టి నక్షత్రం అసలు కాంతి ఎంతో చెప్పొచ్చని 1957లో ఓలిన్ విల్సన్‌తో కలిసి తేల్చింది మన వేణు బప్పు. నిజాం కాలేజీ విద్యార్థి. వాళ్ళ నాన్న బేగంపేట నిజామియా వేధశాలలో పనిచేసేవారు. బేగంపేట ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడల్లా నాకు ఆ కుర్రాడు గుర్తొస్తాడు.

నిద్రలేని నాన్న | శనివారం, రాత్రి 10:10

మాస్టారూ, మీ పోస్టు మా అమ్మాయికి చదివి వినిపించాను. బప్పు గారి దగ్గర ఆగి రెండోసారి చదవమంది.

కానీ అసలు ప్రశ్నకు జవాబు రాలేదు. నీళ్ళ అడుగున బతకొచ్చు సరే, ఇంతకీ నీళ్ళు ఉంటాయా?

రమ్య_చుక్కలు | శనివారం, రాత్రి 11:30

అందరూ ఫ్లేర్‌ల గురించే మాట్లాడతారు, ఫొటోలు బాగుంటాయి కాబట్టి. నా లెక్కలో ఈ గ్రహాలకు ఇప్పటి ఫ్లేర్‌ల కన్నా పెద్ద గండం ఆ నక్షత్రం చిన్నతనం.

సూర్యుడు పుట్టాక అయిదు కోట్ల ఏళ్ళలోపే కుదుటపడ్డాడు. ప్రాక్సిమాలాంటి బక్క నక్షత్రం కుదుటపడడానికి కొన్ని పదుల కోట్ల ఏళ్ళు పడుతుంది, ఇంకా చిన్నవాటికి దాదాపు వంద కోట్లు. అంతకాలమూ అది ఇప్పటికన్నా ఎన్నో రెట్లు ప్రకాశంగా వెలుగుతుంది. ఇవాళ ‘సరైన దూరం’ అని మనం మురిసిపోతున్న చోటు అప్పట్లో పెనం. నీళ్ళు ఆవిరై పైకి పోతాయి, అక్కడ అతినీలలోహిత కిరణాలు వాటిని చీలుస్తాయి, తేలికైన హైడ్రోజన్ అంతరిక్షంలోకి జారిపోతుంది. కొన్ని సముద్రాలకు సముద్రాలే అలా పోయి ఉండొచ్చని లెక్కలున్నాయి. అంటే నక్షత్రం ఇవాళ మారుమనసు పొంది బుద్ధిగా ఉన్నా, ఇల్లు అప్పటికే ఖాళీ.

ఇందులో ఒక తమాషా ఉంది. హైడ్రోజన్ పోయాక మిగిలేది ఆక్సిజన్. రేపు అలాంటి గ్రహం మీద ఆక్సిజన్ కనబడిందని ‘చెట్లున్నాయి’ అని టీవీలో స్క్రోలింగ్ వేస్తే నమ్మకండి.

అశోక్‌నగర్ అభ్యర్థి | ఆదివారం, ఉదయం 8:20

జేమ్స్ వెబ్ టెలిస్కోప్ చూసేసింది కదా, ట్రాపిస్ట్‌-1 అనే ఇంకో ఎర్ర మరుగుజ్జు చుట్టూ తిరిగే గ్రహాలు ఏడింటికీ గాలి లేదని నాసా చెప్పేసిందని వీడియో చూశా. ఇంక చర్చ ఎందుకు?

రమ్య_చుక్కలు | ఆదివారం, ఉదయం 10:00

ఏడింటికీ కాదు తమ్ముడూ. ఆ వీడియో పంపినవాళ్ళకు ఈ లింకు పంపు.

ట్రాపిస్ట్‌-1 మనకు 40 కాంతి సంవత్సరాల దూరం. అక్కడ గ్రహాలున్నాయని మొదట బయటపెట్టిన 2016 నాటి పనిలో మన హాన్లేలోని 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్‌కు కూడా వాటా ఉంది. బెంగళూరు పక్కన హోసకోటెలో కూర్చుని నడుపుతారు దాన్ని. 2023లో వెబ్ చూసింది లోపలి రెండింటిని, బి, సి. బి పగటివైపు వేడి దాదాపు 230 డిగ్రీల సెల్సియస్. గాలి ఉంటే వేడిని రెండోవైపుకు మోసుకుపోయేది, పగటివైపు ఇంత కాలేది కాదు. తర్వాత ఇంకో తరంగదైర్ఘ్యంలో కొలిచాక ఆ తీర్పు కూడా కొంచెం మెత్తబడింది. సి మీద శుక్రగ్రహంలాంటి మందపాటి గాలి లేదని తేలింది.

అందరం ఎదురుచూసేది ‘ఇ’ అనే గ్రహం కోసం. అక్కడ నక్షత్రమే అడ్డం పడుతోంది. దాని మీది మచ్చలు చల్లగా ఉండి వాటిలోనే నీటి ఆవిరి ఉంటుంది. గ్రహం గాలిలో నీటి జాడ వెతుకుతుంటే నక్షత్రం తన మచ్చల జాడ చూపించి మోసం చేస్తుంది. నా మూడు నెలల పని ఒకసారి ఇలాగే పోయింది. గైడ్‌కు ‘నీళ్ళు!’ అని రాత్రి పన్నెండింటికి మెసేజ్ పెట్టిన దాన్ని, పొద్దున్నే ‘మచ్చ’ అని సర్దుకోవాల్సి వచ్చింది.

ఆర్క్ అన్న | ఆదివారం, ఉదయం 11:15

మన భూమికి అయస్కాంతం ఉంది కాబట్టి గాలి నిలబడ్డదంటరు కదా. దానికీ అయస్కాంతం ఉంటే?

జపాల్ మాస్టారు | ఆదివారం, మధ్యాహ్నం 12:00

నేనూ ముప్పై ఏళ్ళు పిల్లలకు అదే చెప్పాను. ఇప్పుడు అంత ధీమాగా చెప్పను. శుక్రుడికి సొంత అయస్కాంత క్షేత్రం లేదు, అయినా గాలి ఒత్తిడి మనకన్నా 90 రెట్లు. సాయపడుతుంది నిజమే, కానీ అదొక్కటే కాపాడుతుందనలేం.

రమ్యా, నీతో ఒకచోట ఒప్పుకోను. చిన్నతనంలో నీళ్ళు పోతే పోయాయి, అగ్నిపర్వతాలు లోపలి నుంచి మళ్ళీ తేలేవా? గ్రహం దూరంగా, మంచు దండిగా ఉన్నచోట పుట్టి తర్వాత లోపలికి జరిగి ఉంటే? అన్నింటినీ పెనం మీద వేసి లెక్క కట్టేస్తే ఎలా?

రమ్య_చుక్కలు | ఆదివారం, మధ్యాహ్నం 12:40

జరగొచ్చు మాస్టారూ. మొదట ఎంత నీళ్ళతో బయల్దేరిందన్న దాని మీదే అంతా ఉంది, ప్రాక్సిమా బి విషయంలో ఆ అంకె ఎవరి దగ్గరా లేదు. పైగా అది మన వైపు నుంచి చూస్తే నక్షత్రం ముందుగా దాటిపోదు, కాబట్టి ట్రాపిస్ట్ గ్రహాలను చూసినట్టు దాన్ని చూడలేం.

మీ పక్షాన కూడా రెండు మాటలు. వేగంగా తిరిగే చిన్న నక్షత్రాల్లో పెద్ద ఫ్లేర్‌లు నడుము దగ్గర కాకుండా ధ్రువాల వైపు వస్తున్నాయని 2021లో టెస్ (గ్రహాలను వెతికే నాసా అంతరిక్ష టెలిస్కోప్) పరిశీలనల్లో కనబడింది. గ్రహాలు తిరిగేది నడుము వైపు కాబట్టి దెబ్బ పక్కనుంచి పోతుంది. రెండోది, జీవపు తొలి అణువులు తయారవడానికి కొంత అతినీలలోహితం కావాలి. శాంతంగా ఉన్న మరుగుజ్జు ఇచ్చేది చాలదు. ఆ లోటు ఫ్లేర్‌లే తీరుస్తాయేమోనని వాదించేవాళ్ళూ ఉన్నారు. ఆర్క్ లేకుండా అతుకు పడదు కదా అన్నా!

అన్ని మరుగుజ్జులూ రౌడీలు కావు కూడా. టీఓఐ‌-700 అని ఒకటుంది, 100 కాంతి సంవత్సరాల దూరం. టెస్ 11 నెలలు కాపలా కాసినా ఒక్క ఫ్లేర్ కనబడలేదు. దాని డి గ్రహం 37 రోజులకోసారి తిరుగుతుంది, సరైన దూరంలోనే.

నిద్రలేని నాన్న | ఆదివారం, రాత్రి 9:05

ఇది మా అమ్మాయి చెప్తుంటే టైప్ చేస్తున్నా: “అంకుల్, ఆంటీ, ఆ గ్రహం మీద నిలబడితే నక్షత్రం ఎంత కనిపిస్తుంది? ప్రాక్సిమాను మన డాబా మీంచి చూడొచ్చా?”

జపాల్ మాస్టారు | ఆదివారం, రాత్రి 9:30

తల్లీ, మన సూర్యుడికి మూడింతల వెడల్పుతో, నారింజ ఎరుపులో కనిపిస్తుంది. నువ్వు అనుకున్నట్టు ఒకే ముఖం చూపే గ్రహమైతే ఉదయించదు, అస్తమించదు. అక్కడే వేలాడుతూ ఉంటుంది.

ప్రాక్సిమా మన ఊరి నుంచి దక్షిణాన 10 డిగ్రీల ఎత్తే లేస్తుంది. చేయి చాచి పిడికిలి పట్టుకుంటే అంతే. ఆ దుమ్ములో నా 8 అంగుళాల టెలిస్కోప్‌కు దొరకదు. దాని పెద్దన్న ఆల్ఫా సెంటారీ మాత్రం ఈ రోజుల్లో రాత్రి 10 దరిదాపుల్లో కంటికే కనిపిస్తుంది. ఇంకో ఎర్ర మరుగుజ్జును చూపిస్తా, బార్నార్డ్ నక్షత్రం. 6 కాంతి సంవత్సరాలు, నాలుగు చిన్న గ్రహాలు. ముసలిది, అయినా అప్పుడప్పుడూ ఉలిక్కిపడుతుంది. వచ్చే శనివారం ఇబ్రహీంపట్నం అవతలికి వెళ్దాం, వాన పడకపోతే. రమ్యా, నువ్వూ రా. ట్యాంకర్ పని అయితే రూపాయి లెక్క గారూ రావచ్చు.

నిద్రలేని నాన్న | తర్వాతి ఆదివారం, మధ్యాహ్నం 3:15

వెళ్ళొచ్చాం. ఆరుగురం, రెండు కార్లు, ఒక ఫ్లాస్కు చాయ్. రూపాయి లెక్క గారు అందరికన్నా ముందే వచ్చి ఉన్నారు, సమోసాలు ఆయనవే.

తాటిచెట్ల మీదుగా ఆల్ఫా సెంటారీ మిణుకుమిణుకుమంటూ కనబడింది. ప్రాక్సిమా ఎటువైపు ఉంటుందో మాస్టారు వేలితో చూపించారు. అక్కడ ఏమీ లేదు, అందరం అటే చూశాం. పన్నెండు దాటాక బార్నార్డ్ దొరికింది. అమ్మాయి కన్ను పెట్టి “ఇంతేనా” అంది. తర్వాత పది నిమిషాలు కన్ను తీయలేదు, రమ్య గారు వంతు కోసం నిలబడే ఉన్నారు. ఈ వెలుగు బయల్దేరి ఆరేళ్ళయిందని మాస్టారు చెబితే “అప్పుడు నేను మూడో తరగతికి వెళ్తున్నా” అంది.

ఇవాళ పొద్దున బంతి మంచం కింది నుంచి బయటకు వచ్చింది. నీలం అలాగే ఉంది. అట్ట మీద ‘మన రెండో భూమి’ కొట్టేసి, కింద స్కెచ్‌తో రాసింది: ‘నీలం రంగు మా అంచనా మాత్రమే.’

ఆర్క్ అన్న | ఆదివారం, సాయంత్రం 4:00

బల్బు ఒక్కటే ఎర్రగా వెలుగుతుంటే ఎట్ల? పక్కన తెల్ల ఎల్‌ఈడీ పెట్టాలె, నాలుగు నిమిషాలకోసారి టప్పున మెరవాలె. సర్క్యూట్ నేను చేసిస్త. పాపను తీసుకొని షాపుకు రండి. పొద్దున పదకొండు లోపల రండి, అటెనక కరెంటు పోతది.